ఏలికల తోట, నలుగురి తోట

మార్కాపురమునుండి హైదరాబాదునకు శ్రీశైలము మీదుగా పోవువారు పెద దోర్నాల దాటగానే నల్లమల కనుమ నెక్కుదురు. కృష్ణానదిని దాటి, దోమలపెంట, మన్ననూరుల మీదుగా తిరిగి మైదానమునకు దిగుదురు. పులులకు రక్షితమైన అడవి గనుక రాత్రివేళ ఆ త్రోవను వాహనములకు మూసియుంచుదురు. పగటిపూట ప్రయాణము చేయువారికి దారి పొడవునను చెట్లు, రాళ్లు, కోతులు, అక్కడక్కడ చెంచుల గూడెములు కనబడును. ఆ అడవి ముగిసిన పిమ్మట డిండి, కల్వకుర్తి దాటి రాజధాని చేరుదుము. మేడలు, వంతెనలు, వాహనముల రొద తప్ప మరేమియు లేదనుకొనుచు జూబిలీ హిల్సు వైపు పోవుచుండగా, ఉన్నట్టుండి వెనుక విడిచివచ్చిన అడవి తునక ఒకటి మరల ఎదురగును.

చుట్టును కంచె. లోపల గుండ్రని బండరాళ్లు, వాటి సందులలో వేపలు, సీతాఫలపు పొదలు, రేగుకంపలు. తెల్లవారుజామున నెమళ్ల కూతలు. మేము మొదటిసారి ఆ ద్వారము ముందు నిలిచినపుడు గిద్దలూరు వైపు కొండవాలు నెవరో పెల్లగించి తెచ్చి నగరము నడుమ దించినట్లు తోచినది. దానికి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనమని పేరు. నగరవాసులు కే.బి.ఆర్. పార్కు అందురు. ఈనాడు ఉదయ సాయంకాలములందు వేలకొలది జనులు నడచుచున్న ఆ నేల ఒకప్పుడు ఒక రాజభవనపు ఆవరణ. ఒక్క కుటుంబమునకు చెందిన ఆ తోట నలుగురి తోట యెట్లు అయినదో, అయిన తరువాత దానికి ఏమి జరిగినదో చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

హైదరాబాదు పార్కు కథ పశ్చిమ ప్రకాశపు శ్రోతలకు ఎందుకని ఎవరైన అడుగవచ్చును. ఆ పార్కునకు ఏ నాయకుని పేరు పెట్టిరో ఆయన ముఖ్యమంత్రిగా నుండిన కాలముననే మన ప్రాంతపు చిరునామా మారినది. గుంటూరు జిల్లా నరసరావుపేట ప్రాంతమున 1909లో జన్మించిన కాసు బ్రహ్మానందరెడ్డి 1964నుండి 1971వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. అంతవరకు కర్నూలు జిల్లాలో నుండిన మార్కాపురము, గిద్దలూరు తాలూకాలను, గుంటూరు, నెల్లూరు జిల్లాల తాలూకాలు కొన్నిటితో కలిపి 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు జిల్లాను ఏర్పరచిరి. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. కాసువారు 1994లో దివంగతులైరి. ఇది పేరునకు సంబంధించిన బంధము. అంతకంటె దగ్గరి బంధము మరొకటి కలదు. దానిని చివరకు చెప్పుదుము.

ముందు ఆ నేల సంగతి. హైదరాబాదునకు పశ్చిమమున నున్న గుట్టలు నల్లరాతి గుట్టలు. ఆ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనము చిన్నప్పుడు అక్షరములు దిద్దుకొన్న మార్కాపురపు పలకరాయి వాటి ముందు పసిది. ఎండకు, వానకు పగిలి, పొరలు పొరలుగా ఊడి గుండ్రనైన ఆ బండలమీద పంట పండదు. కావుననే చిరకాలము వాటివైపు ఎవరును చూడలేదు. గత శతాబ్దపు మూడవ, నాలుగవ దశాబ్దములలో మెహదీ నవాజ్ జంగ్ అను ఉన్నతోద్యోగి ఆ బండల నడుమనే, బండలను కొట్టివేయక, ఇల్లు కట్టుకొని, నగరవాసులను అటువైపు రమ్మని ప్రోత్సహించెను. బంజారా హిల్సు వసతికి అది నాంది. ఈయనయే 1960లో గుజరాతు రాష్ట్రమునకు తొలి గవర్నరైనాడు. అట్లు ఎవరికిని పనికిరాదనిన గుట్ట క్రమముగా గొప్పవారి నివాసస్థానమైనది.

ఆ గుట్టలమీదనే అసఫ్‌జాహీ వంశమువారి చిరాన్ భవనము వెలసినది. గోలకొండ వంటి కోట కాదు, చౌమహల్లా వంటి దర్బారు కాదు. ఆధునికమైన వసతులు గల విడిది. అయితే భవనముకంటె దాని ఆవరణ పెద్దది. సుమారు నాలుగు వందల ఎకరముల నేలలో అశ్వశాలలు, పశువుల కొట్టములు, మోటారు బండ్ల షెడ్లు, మరమ్మతుల కార్ఖానా, బావులు, నీటితొట్లు ఉండెను. పూలమడులు, జలయంత్రములు భవనము చెంతనే కొంతమేర. మిగిలినదంతయు బండలు, ముళ్లకంప. తోటమాలి చేయి అక్కడికి పోలేదు.

ఈ భవనమునకు యజమానియైన ముకర్రం జా బహదూర్ చరిత్ర విచిత్రమైనది. ఆయన 1933లో ఫ్రాన్సు దేశమున నీస్ నగరమున జన్మించెను. తండ్రి ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పెద్దకుమారుడు ఆజం జా. తల్లి దుర్రె షెహవార్, తురుష్క దేశపు చివరి ఖలీఫా కుమార్తె. 1967 ఫిబ్రవరిలో తాతగారు మరణింపగా, ఏప్రిలు నెలలో మనుమడు ఎనిమిదవ నిజాముగా గద్దె నెక్కెను. అప్పటికి రాజ్యము లేదు, రాజభరణము మాత్రము కలదు. 1971లో రాజ్యాంగపు 26వ సవరణతో ఆ భరణములు, బిరుదులు కూడ రద్దయ్యెను. పిమ్మట ఆయన ఆస్ట్రేలియా పశ్చిమభాగమున గొఱ్ఱెల పెంపక క్షేత్రము కొని అక్కడ చాలకాలము గడపెను. యంత్రములన్న ఆయనకు మిక్కిలి ఇష్టమట. మోటారు బండ్లను స్వయముగా విప్పి బాగుచేయువాడట. 2023 జనవరి 14న ఇస్తాంబూలులో కన్నుమూసెను. ఆయన కోరికమేరకు దేహమును హైదరాబాదు తెచ్చి మక్కా మసీదులో పూర్వుల సమాధుల చెంత ఖననము చేసిరి.

యజమాని దూరదేశమున నుండగా ఆవరణ అట్లే యుండిపోయినది. చుట్టుప్రక్కల గుట్టలను పగులగొట్టి ఇండ్లు కట్టుచుండిరి. గజము వెల ఏటేట పెరుగుచుండెను. ఈ నాలుగు వందల ఎకరములలో మాత్రము వేప రాలిన చోట వేప మొలచినది, సీతాఫలపు గింజను పక్షి ఎచ్చట విడిచెనో అచ్చట పొద లేచినది. పెంచిన తోటలు ఆదరణ తప్పిన రెండేండ్లలో ఎండిపోవును. పెంచని అడవికి విడిచివేయుటయే ఆదరణ. చిరాన్ ఆవరణను కాపాడినది యజమాని శ్రద్ధయా, అశ్రద్ధయా అని అడిగినచో రెండవదే యని చెప్పవలసివచ్చును.

ఇక్కడ ఒక్కక్షణము ఆగి ఇతర దేశముల సంగతి చూతము. రాజుల తోటలు ప్రజల తోటలగుట లోకమున కొత్తకాదు. లండనులోని హైడ్ పార్కును 1536లో ఎనిమిదవ హెన్రీ సన్న్యాసులనుండి తీసికొని వేటతోట గావించెను. 1637లో మొదటి చార్లెస్ దానిని ప్రజలకు తెరచెను. వియన్నా నగరపు ప్రాటర్ సైతము చక్రవర్తుల వేటతోటయే. 1766లో రెండవ జోసెఫ్ చక్రవర్తి దానిని అందరికి తెరచెను. తొమ్మిదేండ్లకు మరొక తోటను తెరచి, మానవులందరి వినోదమునకై వారి అభిమాని యొసగిన స్థలమని ద్వారముపై చెక్కించెను. సామాన్యులతో కలిసి తిరుగవలసివచ్చెనే యని ప్రభువులు సణుగగా, నాకు సమానులతోడనే తిరుగవలెనన్న నేను మా తాతల సమాధిగృహములోనికి పోవలసియుండునని ఆయన బదులిచ్చెనని చెప్పుకొందురు.

అయితే హైడ్ పార్కు కథలో తరచు విడిచివేయు ఘట్టమొకటి కలదు. తెరచిన పదునైదేండ్లకు, 1652లో, రాజు లేని కాలమున, ప్రజల పేర పాలించుచున్న పార్లమెంటే ఆ తోటను భాగములు చేసి అమ్మివేసెను. కొనినవారు లోనికి వచ్చువారినుండి రుసుము గుంజిరి. 1660లో రాజరికము మరల వచ్చిన తరువాతగాని తోట తిరిగి రాలేదు. దీనినిబట్టి మనకు తెలియునది ఏమనగా, తలుపు తెరచుట ఒక్కనాటి పని, అది మూసికొనకుండ చూచుట తరతరముల పని.

హైదరాబాదులోను ఇట్టి మార్పులు పలుమారులు జరిగినవి. శాసనసభ చెంతనున్న బాగె ఆమ్ పేరులోనే సంగతి ఉన్నది. ఆమ్ అనగా సామాన్యము, సర్వజనులది. 1913లో పూర్తియైన శాసనసభా భవనము, పురావస్తు ప్రదర్శనశాల ఆ తోటలోనివే. కోఠిలోని రెసిడెన్సీ మరియొక విధము. 1803లో కిర్క్‌పాట్రిక్ అను ఆంగ్ల రెసిడెంటు మొదలుపెట్టించిన ఆ సౌధమునకు విశాలమైన తోట ఉండెను. 1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలాఉద్దీను అనుచరులతో ఆ ప్రహరిమీద దాడి చేసిరి. ఏ గోడను పడగొట్టవలెనని వారు ప్రాణములకు తెగించిరో ఆ గోడలోపలికి 1949లో ఆడుపిల్లలు పుస్తకములు పట్టుకొని నడచిరి. ఆ యేడు అది మహిళా కళాశాలయైనది. ఇపుడది మహిళా విశ్వవిద్యాలయము. నగరమునకు తూర్పున వనస్థలిపురము చెంత నిజాముల కృష్ణజింకల వేటతోట ఉండెను. మహావీరుని 2500వ నిర్వాణోత్సవముల సందర్భమున 1975లో దానికి మహావీర హరిణ వనస్థలి యని పేరుపెట్టి జింకలకు అభయమిచ్చిరి. వేటకు కాచిన జింకల సంతతియే నేడు రక్షణలో మేయుచున్నది.

చిరాన్ సంగతి వీటన్నిటికంటె భిన్నము. ఇక్కడ ఏ చక్రవర్తియు ద్వారముపై శాసనము చెక్కింపలేదు. తలుపు తెరచినది చట్టము. 1976లో కేంద్ర ప్రభుత్వము పట్టణ భూపరిమితి చట్టము చేసినది. హైదరాబాదు వంటి నగరములలో ఒక్కొక్కరికి వేయి చదరపు మీటర్లకు మించి ఖాళీస్థలము ఉండరాదని దాని సారము. నాలుగు వందల ఎకరములు గలవారికి ఆ పరిమితి ఎంతటిదో ఊహించుకొనవచ్చును. వ్యవహారము చాల యేండ్లు నడచినది. తుదకు 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, భవనమును దాని చుట్టునున్న కొలది ఎకరములను మినహాయించి, మూడు వందల యాభై ఎకరములకు పైబడిన నేలను జాతీయ ఉద్యానవనముగా ప్రకటించెను.

ఈ జాతీయ ఉద్యానవనము అను మాటకు గల బలమును గమనింపవలెను. పురపాలక సంఘమువారు వేయు పార్కునకు, దీనికి భేదము కలదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ఒక నేలను ఇట్లు ప్రకటించిన పిమ్మట అందులో పశువులను మేపరాదు, వేటాడరాదు, చెట్టు కొట్టరాదు, చట్టము చెప్పిన పద్ధతిని తప్ప సరిహద్దులు మార్చరాదు. సాధారణముగ ఈ గౌరవము పెద్ద పెద్ద అరణ్యములకు దక్కును. కోటి జనులు మసలు నగరము నడుమ, రెండు మూడు గంటలలో చుట్టిరాదగిన నేలకు ఈ రక్షణ దొరకుట అరుదు. పట్టణ భూపరిమితి చట్టమునే కేంద్రము 1999లో రద్దుచేసినది. ఆంధ్రప్రదేశ్ 2008లో ఆ రద్దును అంగీకరించినది. మరికొన్ని సంవత్సరములు ఆలస్యమైనచో ఆ గుట్టలమీద నేడు ఏమి నిలిచియుండునో చెప్పనక్కరలేదు.

లోపల దక్కినది ఏమి? ఆరువందల రకముల మొక్కలు, నూటనలువది రకముల పక్షులు కలవని లెక్క. నెమళ్లు సమృద్ధి. ముళ్లపందులు, అడవిపిల్లులు, అలుగులు కూడ చెప్పబడినవి. మన ప్రాంతమువారెవరైన ఆ బాటలో నడచినచో చెట్ల పేర్లకై పలకలు చదువనక్కరలేదు. వేప, కానుగ, తుమ్మ, రేగు, మోదుగ, సీతాఫలము. అవన్నియు మన చేలగట్లమీద, కొండవాలులలో నున్నవే. మేము నడచిననాడు మా ముందు పోవుచున్న ఒక వృద్ధుడు మోదుగాకు నొకదానిని నేలనుండి తీసి, విస్తరి కుట్టవచ్చునని తన మనుమరాలికి చూపుచుండెను. ఆ పాప అది యేమి మాట యన్నట్లు నవ్వినది. నగరమున పుట్టిన బిడ్డకు ఆ ఆకు చేతికి దొరకుటయే గొప్ప.

తలుపు తెరచిన పిమ్మట కథ ముగియలేదు. హైడ్ పార్కును ముక్కలు చేయుటకు పార్లమెంటు కావలసివచ్చెను. ఈనాటి నగరములకు వాహనములు చాలును. 2016లో ఉద్యానము చుట్టునున్న కూడళ్ల రద్దీ తీర్చుటకై వంతెనలు కట్టదలచి, అంచులనున్న చెట్లను తొలగింప నుద్దేశించిరి. నగరవాసులు చేయి చేయి పట్టుకొని ఆ చెట్ల వెంట నిలిచిరి. వ్యవహారము హరిత ధర్మాసనమునకు, హైకోర్టునకు పోయినది. 2020లో ఉద్యానము చుట్టును పర్యావరణ రక్షణ మండలమును కేంద్రము ప్రకటించినపుడు దాని వెడల్పు కొన్నిచోట్ల మూడు మీటర్లు, ఎక్కువైనచోటను ముప్పది మీటర్ల లోపు. మూడు మీటర్లనగా ఒక కారు నిలుపు చోటు. 2024లో ఆ కూడళ్లకే క్రొత్తగా వంతెనలు, అడుగుదారులు మంజూరు కాగా వివాదము మరల తలయెత్తినది. రద్దీలో చిక్కి బాధపడువారి కష్టము అబద్ధము కాదు. ఆసుపత్రికి పోవు రోగి బండికి దారి కావలెననుట న్యాయమే. కాని ప్రతి తరము తన తొందరకు మూడేసి మీటర్లు కోసికొనుచు పోయినచో అడవి ఎంతకాలము అడవిగా నుండును? ఈ ప్రశ్నకు సమాధానము రాజులనుండి రాదు. తోట ఇపుడు వారిది కాదు గదా.

మరియొక ప్రశ్నయు కలదు. నలుగురి తోట యనగా ఆ నలుగురు ఎవరు? ఆ గుట్టల చుట్టును నేడు నివసించువారు చాలవరకు కలవారు. తెల్లవారుజామున కార్లలో వచ్చి నడచిపోవువారు ఎక్కువ. ఆ కార్లు నిలుపు మేడలను కట్టినవారిలో మన కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల కూలీలు, తాపీపనివారు ఎందరో కలరు. వానలు తప్పిన యేట హైదరాబాదు పోవుట మన పల్లెలకు కొత్తకాదు. వారిలో ఎందరు ఆ ద్వారము దాటి లోనికి పోయియుందురు? ద్వారము తెరచియుండుట వేరు, లోనికి పోవుటకు తీరిక యుండుట వేరు. ఈ భేదమును మరచి ప్రజల తోట యని పొంగిపోవుట తగదు.

వేటతోటల విషయమున ఈ ప్రశ్న మరింత లోతైనది. మేము మొదట చెప్పిన శ్రీశైలము దారిలో, మన్ననూరు చెంత, ఫరహాబాద్ అను చోటు కలదు. ఆనందస్థానమని ఆ మాటకు అర్థము. అది నిజాముల వేటవిడిది. రాజు వేటకు రాకపూర్వము, వచ్చి పోయిన తరువాతను అక్కడ నుండినవారు చెంచులు. 1940లో హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు వారి నడుమ నివసించి, 1943లో వారినిగూర్చి గ్రంథము ప్రచురించెను. ఆ అడవి ఏలికలకు వేటతోట, ప్రభుత్వమునకు 1983నుండి పులుల రక్షిత ప్రదేశము, చెంచులకు ఇల్లు. ఎవరైన ఒక నేలను అందరికిని ఇచ్చితిమని చెప్పునపుడు, అంతకుముందు అందులో నుండినవారిని అడిగిరా యని విచారించుట చరిత్రకారుని ధర్మము.

ఇక మొదట వాయిదా వేసిన బంధమును చెప్పుదుము. ఏలికల సొత్తు ప్రజలదగుటకు చిరాన్ చూపినది ఒక మార్గము. తమకొరకు కట్టుకొనిరి, తరువాత చట్టము దానిని నలుగురికి ఇచ్చినది. మన కంభము చెరువు మరియొక మార్గము. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా ఏబదియేడు అడుగుల ఎత్తున కట్టిన ఆ కట్టను శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. ఆ రాణి తన జలక్రీడకై కట్టించిన కొలను కాదది. పుట్టినప్పుడే అది పొలములది, పశువులది, ప్రజలది. బ్రిటిషువారి కాలపు లెక్కలలో పదివేల ఎకరములకు పైబడి దానిక్రింద సాగైనది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఆ చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో ఒకటిగా గుర్తించినది. నాలుగు వందల ఎకరముల తోట నలుగురిదగుటకు ఒక చట్టము, ఇరువది రెండేండ్లు పట్టెను. కంభము చెరువునకు ఆ బాధ లేకపోయెను.

కాని ఇందులో ఒక చిక్కు కలదు. గోడగల దానికి గోడ కాపలా. చిరాన్ ఆవరణను చిరకాలము ఒక ప్రభువు ప్రహరి, అటుపిమ్మట అటవీశాఖవారి కంచె కాచినవి. మన చెరువునకు, మన ఊరి బీడులకు, కొండవాలులకు గోడ లేదు. అవి ఎప్పుడును ఎవరి సొంతము కాలేదు గనుక, ఎవరును వాటిని మాకు ఇచ్చితిమని చెప్పలేదు. పండుగ చేసి తలుపు తెరచిన రోజు వాటికి లేదు. అందుచేత అవి తరిగిపోవునాడు కూడ తలుపు మూసిన చప్పుడు వినబడదు. పశువులు మేయు బీడు ఒక మూల తగ్గును. చెరువులోనికి వాగు తెచ్చు నీటికి ఎచ్చటనో అడ్డు పడును. మోదుగలు నరకిన చోట మరల మొలకెత్తకుండ దున్నుదురు. హైదరాబాదున మూడు మీటర్లకొరకు జనులు బారులు తీరిరి. మన కొండవాలున మూడెకరములు పోయినను అడుగుట అలవాటు లేదు.

ఎవరికిని పనికిరాదనిన బండల నేలయే నేడు ఆ మహానగరమునకు గాలి, నీడ యిచ్చుచున్నది. పనికిరాదను మాట మన ప్రాంతమునకు సుపరిచితము. వెనుకబడిన తాలూకాలు, మెట్ట, బంజరు అని రికార్డులలో మన నేలను వ్రాసిరి. నగరము తన నడుమ దాచుకొనుటకు ఇంత శ్రమపడుచున్నది సరిగా ఆ మెట్ట అడవినే. అక్కడ చట్టము కాచిన చెట్లు ఇక్కడ ఊరివారు కాచుకొనవలసినవి. పని ఒక్కటే, కావలివారు వేరు.

ఈసారి హైదరాబాదు పోయిన శ్రోతలు తీరిక చేసికొని ఒక ఉదయము ఆ ఉద్యానమునకు పోవుదురుగాక. కొద్దిపాటి రుసుము చెల్లించి లోనికి నడచి, బండలమీద నెమలిని, పొదలో సీతాఫలమును చూతురుగాక. తిరుగుప్రయాణమున నల్లమల దిగి దోర్నాల చేరునపుడు కిటికీనుండి బయటకు చూచినచో అవే చెట్లు మరల కనబడును. ఇక్కడ ద్వారము లేదు, రుసుము లేదు, ఎవరి పేరును లేదు. నగరమువారు ఎంత పోరాడియు ఇంకను పూర్తిగా నిలుపుకొనలేకున్న సంపద మనకు అడుగకనే దక్కినది. దాని విలువ తెలియుటకు అది మొదట ఒక నవాబు చేతిలో నుండి పోవలసిన పనిలేదు.